తాబేలుకు కావలసింది పదును

మా ఇంటికి తాబేలును చూడ్డానికి వచ్చినవాళ్ళలో చాలామంది మట్టిని చూసి, కాఫీ తాగి వెళ్ళిపోయారు. బేస్‌మెంట్ మెట్లు దిగి, లైట్ల కింద ఆ పెద్ద చెక్కపెట్టె చుట్టూ నిలబడి "ఎక్కడుంది?" అంటారు పిల్లలు. "లోపల" అంటాను. "ఎప్పుడొస్తుంది?" "దానికి బుద్ధి పుట్టినప్పుడు." పిల్లలు ఇంకో రెండు నిమిషాలు ఓపిక పడతారు. పెద్దవాళ్ళు మొహమాటానికి "బాగుందండీ" అంటారు. ఏది బాగుందో వాళ్ళకీ తెలీదు పాపం. ఒకాయన మాత్రం దాచుకోకుండా అడిగేశాడు: "ఇంత ఖర్చు పెట్టి కనబడకుండా పెట్టుకున్నారేంటండీ? కాస్త మట్టి తగ్గిస్తే పోలా?"

చేతిలో కాఫీ కప్పు ఉన్న మనిషితో వాదన పెట్టుకోలేక ఆరోజు నవ్వి ఊరుకున్నాను. ఆయనకి చెప్పాల్సిన జవాబు ఇదీ.

మేముండేది ఒహాయోలో, కొలంబస్ శివార్లలో. మా దగ్గరున్నవి రెండు రష్యన్ తాబేళ్ళు. పేరుకే రష్యన్. వాటి అసలు ఊళ్ళు కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, ఇరాన్, అఫ్గానిస్తాన్, ఇటు బలూచిస్తాన్. ఆడదాని పేరు దొరసాని, మగవాడు బండోడు. రెండూ ఎవరో పెంచలేక జంతువుల షెల్టర్‌కి అప్పగిస్తే తెచ్చుకున్నవే. అంగట్లో కొనకపోవడానికి కారణముంది. ఈ జాతిలో ఇక్కడి దుకాణాలకు చేరినవి చాలాకాలంగా ఎక్కువ భాగం ఆ గడ్డిమైదానాల్లో పట్టి పంపినవే.

ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్ళు మాత్రం దీన్ని చూసి తాబేలు తెచ్చుకోకండి. మా చిత్తూరు వైపు గుట్టల్లో, తొలివానలు పడగానే శనక్కాయ చేల గట్ల మీద కనబడే నక్షత్ర తాబేలును ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దొంగరవాణాతో అది ఎంత నలిగిపోయిందంటే, 2019లో దేశాల మధ్య దాని వ్యాపారాన్నే నిషేధించే జాబితాలో చేర్చారు. చిన్నప్పుడు మా చేలో చూసిన తాబేళ్ళు ఇప్పుడు నాయనకి కూడా కనబడ్డం లేదట.

అమ్మకు ఫోన్లో చెప్పినప్పుడు కాసేపు అవతల్నుంచి మాట రాలేదు. మాది అరవదేశం సరిహద్దు. "ఆమీనా దూరిన ఇల్లు, తాబేలు దూరిన ఇల్లు బాగుపడవు" అనే అరవసామెత మా వైపు తెలుగులోనూ తిరుగుతుంది. ఆమీనా అంటే జప్తుకొచ్చే కోర్టు మనిషి. "తెచ్చుకోక తెచ్చుకోక తాబేల్నా తెచ్చుకునేది?" అంది. వాస్తుకని నీళ్ళపళ్ళెంలో ఇత్తడి తాబేలును పెట్టుకుని రోజూ పువ్వేసే మనిషి ఈ మాట అంటోందని గుర్తుచేశాను. "అది తవ్వదు కదే!" అంది.

మా అమ్మ అనుకోకుండానే అసలు విషయం మీద వేలు పెట్టింది. అది తవ్వదు. ఇది తవ్వుతుంది. తవ్వని తాబేలును పెంచినట్టు ఇళ్ళల్లో తవ్వే తాబేలును పెంచుతున్నారు. తేడా అక్కడే వస్తోంది.

దొరసాని మా ఇంటికి గాజుతొట్టితో సహా వచ్చింది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున మూడంగుళాల కొబ్బరి పొట్టు. మొదటి నెలంతా పొద్దున లేచేసరికి పలక మీద గోరుతో గీకినట్టు చప్పుడు. అదే మూల, అదే గాజు, గంటల తరబడి. బయటికి పోవాలనుకుంటోందని మేమంతా తీర్మానించుకుని, జాలిపడి హాల్లో కార్పెట్ మీద వదిలాం. అది నేరుగా సోఫా వెనక మూలకి నడిచి, కార్పెట్‌ను తవ్వడం మొదలుపెట్టింది. బాత్రూంలో వదిలితే టైల్స్ మూల తవ్వింది. అప్పుడు నాకు వెలిగింది. దానికి కావలసింది బయటికి పోవడం కాదు, కిందికి పోవడం.

కిందికి పోవడం ఈ జీవికి సరదా కాదు. అది పుట్టిన నేలలో వేసవి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, చలికాలం నీళ్ళు గడ్డకట్టే స్థాయికి ఎంతో కిందికి పడిపోతుంది. ఆ రెండింటి మధ్య పచ్చిక ఉండేది వసంతంలో ఏ మూడు నెలలో. ఆ మూడు నెలల్లోనే తిని, జతకట్టి, గుడ్లు పెట్టి, మిగతా తొమ్మిది నెలలూ భూమిలోనే గడిపే బతుకు దానిది. రెండు మీటర్ల దాకా సొరంగం తవ్వుకుంటుంది. దాని ఒంటిని చూస్తేనే తెలుస్తుంది. డిప్ప గోపురంలా లేవదు, అణిచిన రొట్టెలా గుండ్రంగా, చదునుగా ఉంటుంది. ముందుకాళ్ళు గడ్డపారలు. ఒక్కో ముందుకాలికి నాలుగే గోళ్ళు, ఒక్కొక్కటీ పలుగు మొనంత గట్టిది. లోపల చల్లగా ఉండటం ఒక్కటే కాదు లాభం, తేమ కూడా ఉంటుంది. పైన ఎండుగాలిలో ఊపిరితో పాటు ఒంట్లో నీరు పోతుంటే, కింద తేమగాలిలో ఆ నష్టం తగ్గుతుంది. నీళ్ళు దొరకని నేలలో తొమ్మిది నెలలు దాన్ని బతికించేది ఆ బొక్కే.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. మనిషి కంటే ముందు చంద్రుణ్ణి చుట్టొచ్చిన జీవుల్లో ఈ జాతి తాబేళ్ళు రెండున్నాయి. 1968 సెప్టెంబరులో సోవియట్‌వాళ్ళు జోండ్-5 అనే వ్యోమనౌకలో పెట్టి పంపారు. అవి చంద్రుడి వెనక నుంచి తిరిగొచ్చి మన హిందూ మహాసముద్రంలో పడ్డాయి. ప్రాణాలతో ఉన్నాయి, ఒంటి బరువులో పదోవంతు మాత్రం తగ్గాయి. అపోలో-8 మనుషులు చంద్రుడి చుట్టూ తిరిగింది ఆ డిసెంబరులో. అంత ఓర్చుకోగల జంతువు గనకే మూడంగుళాల పొట్టులో కూడా ఏళ్ళ తరబడి చావకుండా ఉంటుంది. చావలేదు కాబట్టి సుఖంగా ఉందని మనం అనుకుంటాం. ఈ జాతిని పెంచడంలో పెద్ద ప్రమాదం ఇదే.

సరే, లోతు ఇవ్వాలనుకున్నాం. ఎంత? డిప్ప పూర్తిగా మునిగి, పైన ఇంకో డిప్పంత కప్పు మిగలాలి, కింద తిరగడానికి చోటుండాలి. పెద్ద తాబేలుకు అడుగు లోతు కనీసం అని నా లెక్క. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు పెట్టె. మేడ మీద ఎండ పడే గదిలో పెడదామని స్థలం కూడా కొలిచాను. కట్టడాల పని తెలిసిన స్నేహితురాలు ఒకరోజు వచ్చి, "మట్టి ఎంత బరువుంటుందో లెక్కేశావా?" అని అడిగింది. వెయ్యలేదు. తాబేలు బరువు మాత్రం తెలుసు, ముప్పావు కిలో.

అడుగు లోతు తడిమట్టి చదరపు అడుగుకు 80 నుంచి 100 పౌండ్లు తూగుతుంది. ఇక్కడి చెక్క ఇళ్ళలో మామూలు గది నేలను చదరపు అడుగుకు 40 పౌండ్ల బరువుకు లెక్కేసి కడతారు. పడగ్గదికైతే 30 సరిపోతుందంటారు. అంటే నేను మేడ మీద పెట్టబోయింది ఆ నేల మోయాల్సిన దానికి రెండింతల పైన. ఫోటోలు చూసి మురిసిపోయి అపార్టుమెంట్లలో అడుగు మట్టి పోసేవాళ్ళు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి. మేం బేస్‌మెంట్ సిమెంటు నేల మీదికి దిగాం. లోతు కూడా అంతటా కాకుండా సగం పెట్టెలో అడుగు, మిగతా సగంలో నాలుగంగుళాలు ఉండేలా వాలుగా పోశాం. అయినా ఏడెనిమిది వందల కిలోలు. సిమెంటు నేల చలికాలంలో మంచులా ఉంటుంది కాబట్టి పెట్టె కింద రెండంగుళాల ఫోమ్ బోర్డు, లోపల చెక్క తడిసి కుళ్ళకుండా చెరువులకు వేసే రబ్బరు షీటు. బస్తాలు మోసి మా ఆయన నడుం పట్టేసింది. ఆ వారం తాబేలు పేరెత్తితే ఊరుకోలేదు.

మొదట పోసింది సగం కొబ్బరి పొట్టు, సగం ఇసుక. మా ఆయనది అమలాపురం దగ్గర పల్లె. అక్కడ రోడ్డు పక్కన కుప్పలు పోసి ఉండే పొట్టును ఇటుకలా నొక్కి, రంగుకాగితం చుట్టి, ఒక్కోటి ఇన్ని డాలర్లని అమ్ముతుంటే ఆయన ముఖం చూడాలి. ఆ కాగితం మీద 'ఇండియా సరుకు' అని ఉంది. "మన పొట్టును మనమే కొనుక్కుంటున్నాం" అని బిల్లు ఫోటో తీసి వాళ్ళ అన్నయ్యకి పంపాడు.

దొరసాని తవ్వింది. తవ్వినంత వేగంగా అది కూలింది. పొట్టుకు పట్టు లేదు, ఇసుకకు అసలే లేదు. ఒంటి మీద పడ్డ పొడిని విదిలించుకుంటూ బయటికొచ్చి, మళ్ళీ తవ్వి, మళ్ళీ విదిలించుకుని, నాలుగోరోజుకి ముక్కులోంచి నీళ్ళు. ఎండిన పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే వీటికి జలుబు చేస్తుంది, ముదిరితే న్యుమోనియా. లోతు ఒక్కటే సరిపోదన్నమాట.

ఆ వారం నాయనకి వీడియోలో పెట్టె చూపించాను. ఆయన ముప్పై నలభయ్యేళ్ళు శనక్కాయ వేసిన మనిషి. తాబేలు గురించి ఒక్క ముక్క అడగలేదు. "ఆ మన్ను పిడికిట్లో పట్టి చూపించమ్మా" అన్నాడు. పట్టి చూపించాను. వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. "పదును లేని నేలలో ఎలక్కూడా బొక్క తవ్వదమ్మా" అన్నాడు.

పదును. తాబేళ్ళ పెంపకం మీద నేను చదివినవాటిల్లో పేజీలకు పేజీలు చెప్పబోయి చెప్పలేకపోయిన సంగతికి మనకి ఒక్క మాట ఉంది. వాన పడిన మూడోరోజు నేల ఉండే తీరు అది. నాగలికి అంటుకోదు, దుమ్ము లేవదు, విత్తనానికి పట్టిస్తుంది. పట్నంలో పుట్టినవాళ్ళ కోసం చెప్పాలంటే సున్నుండ లెక్క. పిడికిలి బిగిస్తే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విరగాలి, నీరు మాత్రం కారకూడదు. నెయ్యి చాలకపోతే ఉండ నిలవదు, ఎక్కువైతే చేతికి అంటుకుంటుంది.

పొట్టంతా ఎత్తేసి, ఎరువులు కలపని టాప్‌సాయిల్ సగానికి పైగా, కొబ్బరి పొట్టు కొంత, ఇసుక ఇంకాస్త తక్కువ కలిపి పోశాం. కాస్త జిగురున్న మట్టే సొరంగం కప్పును నిలబెడుతుంది. కుండీలకి వాడే మట్టిలో తెల్లటి పెర్లైట్ గుళికలుంటాయి, తాబేలు వాటిని మింగుతుంది కాబట్టి అది వద్దు. దేవదారు రంపపు పొట్టు అసలే వద్దు, దాని నూనెల వాసన పడదు. నీళ్ళు పైన చల్లడం కూడా మానేశాం. పైన తడి, అడుగున పొడి ఉంటే కడుపు డిప్ప కుళ్ళుతుంది, సొరంగమూ నిలవదు. కావలసింది దానికి తలకిందులు. అందుకని రెండు మూలల్లో పీవీసీ గొట్టాలు నిలబెట్టి, వాటిలోంచి నేరుగా అడుక్కి పోస్తాను. తేమ కింద నుంచి పైకి ఎక్కుతుంది, పై అంగుళం పొడిగానే ఉంటుంది. మొదట్లో అలవాటు పడటానికి ఏటవాలుగా నా చేత్తోనే ఒక చిన్న బొక్క మొదలుపెట్టి, పైన సగం విరిగిన పూలకుండీని కప్పులా దిగేశాను. దొరసాని రెండ్రోజులు వాసన చూసింది. మూడోరోజు కనబడలేదు. ఆరోజు నేను ఆఫీసు పనేం చేశానో నాకే తెలీదు. గంటకోసారి మెట్లు దిగి మట్టిని చూసొచ్చాను.

మూలల్లో గీకుడు ఆరోజుతో ఆగిపోయింది. ఇప్పటిదాకా మళ్ళీ వినలేదు.

తప్పులు చేయకుండా ఏదీ రాలేదు. ఎండ కాచుకోవడానికని లోతు మట్టి మీదే పెద్ద బండ పెట్టాను. రెండు వారాల్లో దాని కిందంతా గుల్ల చేసి పెట్టింది. ఒక పొద్దున బండ ఒక పక్కకి ఒరిగి ఉంటే నా గుండె ఆగినంత పనైంది. అదృష్టం, దొరసాని ఇంకో చివర ఉంది. తవ్వే జంతువు పెట్టెలో బరువైనదేదైనా పెట్టె అడుగు మీద ఆనాలి, మట్టి మీద కాదు. బండను తక్కువ లోతున్న వైపుకి మార్చి, కింద ఇటుకలు పేర్చి నిలబెట్టాం. గోడలు మట్టి పైనుంచి ఇంకో అడుగు ఎత్తుండాలి. మూలల్లో పైన అడ్డంగా చెక్క కొట్టాలి, ఎందుకంటే ఇవి తవ్వడమే కాదు, మూల దొరికితే రెండు గోడలకీ కాళ్ళు తన్నిపెట్టి ఎక్కుతాయి కూడా.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది పెట్టె కింద పెట్టే హీట్ మ్యాట్. "రాత్రిళ్ళు చలేస్తుంది కదా" అని చాలామంది కొంటారు. ఆలోచించండి. వేడి ఎక్కువైతే కిందికి పోవాలి, కింద చల్లగా ఉంటుంది. దాని బుర్రలో తరతరాలుగా ఉన్న తెలివంతా ఇంతే. మనం కింద పొయ్యి పెట్టాం. అది వేడి తప్పించుకోవాలని ఎంత లోతుకు తవ్వితే అంత వేడికి దగ్గరవుతుంది. కడుపు కాలేదాకా అక్కడే పడుకుంటుంది. వేడి ఎప్పుడూ సూర్యుడి వైపు నుంచే, అంటే పైనుంచే రావాలి. మా బండ మీద దీపం కింద 35 నుంచి 38 డిగ్రీలు, అవతలి చివర 21 నుంచి 24. పక్కనే ఎండలోని అతినీలలోహిత కిరణాలనిచ్చే పొడుగాటి యూవీబీ ట్యూబు. అది వెలుగుతున్నట్టే ఉంటుంది కానీ పస తగ్గిపోతుంది కాబట్టి ఏడాదికోసారి మారుస్తాం. దీపాన్ని క్లిప్పు మీద నమ్మకుండా గొలుసుతో కూడా కట్టాను. ఎండుగడ్డి ఉన్నచోట దీపం పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

బండోడు వచ్చాక ఇద్దర్నీ ఒకే పెట్టెలో వేశాం, తోడుంటుందని. తోడనేది మనుషుల ఊహ. వాడు దాని కాళ్ళు కొరకడం, డిప్పతో గుద్దడం, సొరంగం వాకిట్లో అడ్డంగా పడుకోవడం. అది నాలుగు రోజులు బయటికి రాలేదు. ఆ రాకపోవడం మాత్రం ఆరోగ్యం కాదు, జైలు. వాడికి వేరే పెట్టె కట్టాం, మధ్యలో అవతల ఏముందో కనబడని చెక్క. అంటే ఇంకో ఏడెనిమిది వందల కిలోల మట్టి. మా ఆయన నడుం గురించి మళ్ళీ రాయను.

కాఫీ కప్పు ఆయన మాటల్లో నేను ఒప్పుకునే వాదన ఒకటుంది, ఆయన అనలేదు కానీ అనుంటే బాగుండేది. కనబడని జంతువుకి జబ్బు చేస్తే ఎలా తెలుస్తుంది? నాకు తెలీలేదు, ఒకసారి. రెండో చలికాలంలో బేస్‌మెంట్ గాలి బాగా చల్లబడింది. దొరసాని అడుక్కి పోయి వారం, పది రోజులు రాలేదు. సహజమే కదా, దాని దేశంలో చలికాలం నిద్రే కదా అని నేను పుస్తకజ్ఞానంతో ఊరుకున్నాను. కానీ నిజమైన శీతనిద్రకి నాలుగైదు డిగ్రీల చలి కావాలి, ముందు వారాల తరబడి పొట్ట ఖాళీ చేసుకోవాలి. మా మట్టి అడుగున పన్నెండు, పదమూడు డిగ్రీలుంది. అటు నిద్ర కాదు, ఇటు మెలకువ కాదు. తినకుండా ఒంట్లో కొవ్వును ఖర్చు చేసుకునే మధ్యస్థితి అది. బయటికి తీసి తూస్తే 70 గ్రాములు తగ్గింది. ముప్పావు కిలో ప్రాణికి అది చిన్నది కాదు. డాక్టరు తిట్టలేదు, తిడితే బాగుండుననిపించింది.

అప్పట్నుంచీ మట్టిలో లోతుగా ఒక థర్మామీటరు పుల్ల దించి ఉంచాను, పెట్టె ఉన్న గదికి హీటరు వేరేగా పెట్టాం. ప్రతి ఆదివారం, అది తనంతట తాను పైకొచ్చినప్పుడు, గోరువెచ్చని నీళ్ళలో కాసేపు వదిలి, వంటింటి త్రాసు మీద తూచి నోటుబుక్కులో రాస్తాను. సొరంగంలోంచి మాత్రం లాగను. లోతు తగ్గిస్తే నాకు కనబడుతుంది, నిజమే. కానీ మూడంగుళాల పొట్టులో కనబడుతూ ఉన్నన్నాళ్ళూ దాని గోళ్ళు అరిగిపోతుంటే నేను చూస్తూనే ఉన్నాను. చూడ్డం వల్ల ఒరిగిందేమీ లేదు.

తమాషా ఏమిటంటే, లోతు ఇచ్చాక అది ఎక్కువ కనబడుతోంది. పొద్దున ఎనిమిదికి దీపాలు వెలిగిన అరగంటలో వాకిట్లో తల పెడుతుంది. డాండిలయన్ ఆకులు, పుట్టింటి మీద బెంగతో కుండీలో పెంచుకున్న నా మందార చెట్టు పువ్వులు తిని, బండ మీద కాళ్ళు చాపి పడుకుని, పదకొండుకల్లా లోపలికి. తిరిగి వెళ్ళడానికి చోటుంది కాబట్టి రావడానికి ధైర్యం వచ్చిందని నా నమ్మకం. మా ఇంటికి వచ్చేవాళ్ళంతా శనివారం సాయంత్రాలు వస్తారు. అది తాబేలు తప్పు కాదు.

టెక్సస్‌లోనో అరిజోనాలోనో ఉన్న మనవాళ్ళు నన్ను అడిగేది ఎక్కువగా సుల్కాటా గురించి. అరచేతిలో పట్టేంత పిల్లను చూసి ముచ్చటపడతారు. అది నలభై, యాభై కిలోలకి పెరిగి మనిషి దూరేంత సొరంగం తవ్వే ఆఫ్రికా తాబేలు. దానికి ఇంట్లో పెట్టె ఎలా కట్టాలని అడిగితే నా దగ్గర జవాబు లేదు, కట్టకూడదు. ఆ జంతువుకి పెరడు చాలదు, పొలం కావాలి.

మొన్న ఫిబ్రవరిలో, బయట మోకాలి లోతు మంచున్న రోజు, నాయన వీడియోలో తాబేలును చూపించమన్నాడు. అక్కడ రాత్రి, ఇక్కడ మధ్యాహ్నం. అదెప్పుడో లోపలికి పోయింది. ఫోను తిప్పి మట్టి చూపించాను. పిడికెడు తీసి బిగించి, విరిచి కూడా చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూశాడు.

"బాగుందమ్మా. శనక్కాయ ఇత్తొచ్చు" అన్నాడు.